తిమ్మిరి మందు

ఆ మందుల షాపు కౌంటరు వెనక పద్దెనిమిదేళ్లుగా నిలబడుతున్న ఆవిడకి జాగ్రత్తమ్మ అని ఎవరు పేరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. పెట్టినవాళ్లు మాత్రం ఊరికే పెట్టలేదు. మాత్రల అట్ట కత్తిరించి కవర్లో వేస్తూ, ఇది తిన్నాకే, పరగడుపున వద్దు, జాగ్రత్త అనేది. దగ్గు మందు ఇస్తూ, ఇది తాగి బండి నడపకండి, కళ్లు మూతలు పడతాయి, జాగ్రత్త అనేది. కంటి చుక్కలు కొనుక్కున్నవాడు మెట్లు దిగిపోతుంటే వెనక్కి పిలిచి మరీ, మూత తీసిన నెలకి పారెయ్యమని చెప్పేది. విసుక్కునేవాళ్లు విసుక్కునేవాళ్లు, నవ్వుకునేవాళ్లు నవ్వుకునేవాళ్లు. మధ్యాహ్నం బేరాల్లేని వేళ మందుల పెట్టెల్లో మడతలు పెట్టి ఉండే కాగితాలు విప్పి, చీమల బారులాంటి అక్షరాలు వేలు పెట్టి చదువుకోవడం ఆవిడకి అలవాటు. నవల చదువుతున్నావా అని ఓనరు వెక్కిరించేవాడు.

సోమవారం పొద్దున మాత్రం ఆయన వెక్కిరించలేదు. కౌంటరు ముందు ఏడెనిమిది మంది ఉన్నారు. ముందున్న పెద్దాయనకి రెండు రకాల మాత్రలు కలిపి వేసుకోకూడదని ఆవిడ చెబుతోంది. ఆయనకి చెవుడు. మూడోసారి చెబుతుండగా వరసలో చివరనున్న ఇద్దరు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని, సందు మలుపులో కొత్తగా పెట్టిన షాపు వైపు నడిచారు. ఓనరు కుర్చీలోంచి లేచి వచ్చాడు.

"మందు అమ్మడం మన పని. పాఠాలు చెప్పాలనుంటే బడి పెట్టుకో. అట్టల మీద అన్నీ రాసే ఉంటాయి, కావలసినవాళ్లు చదువుకుంటారు. ఇవాళ్టి నుంచి అడిగింది ఇవ్వు, కవర్లో వెయ్యి, పంపించు."

అరవలేదు. మామూలుగానే అన్నాడు. అందుకే వరసలో ఉన్నవాళ్లందరికీ ప్రతి మాటా స్పష్టంగా వినిపించింది. పెద్దాయన తననే తిట్టారనుకున్నాడు కాబోలు, తల వంచుకుని కవరు తీసుకుని వెళ్లిపోయాడు. ఆవిడ చెవులు వేడెక్కాయి. కత్తెర తీసుకుని తర్వాతివాడి మాత్రలు కత్తిరించింది. కవర్లో వేసింది. పంపించింది. పద్దెనిమిదేళ్లలో మొదటిసారి ఆ కౌంటరు మీద కత్తెర చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

పదకొండు దాటాక మైకాయన వచ్చాడు. షాపుకి ఎదురుగా బస్ స్టేషన్. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఉందో, ఎన్నింటికి కదులుతుందో ఇరవై రెండేళ్లుగా మైకులో చెబుతున్నది ఆయనే. ఆయన మొహం ఎరగనివాళ్లకి కూడా ఆ గొంతు తెలుసు. ఆవిడని చెల్లెమ్మా అంటాడు, ఆవిడ అన్నయ్యా అంటుంది. ఆ వేళ నోరు తెరిస్తే ఇసుక మీద చెప్పులీడ్చినట్టుంది మాట. శనివారం నుంచి గొంతు నొప్పట, గుటక పడితే ముల్లు దిగినట్టుంటోందట. రెండో షిఫ్టు అమ్మాయి కాన్పుకి వెళ్లింది, బదులెవర్నీ వెయ్యలేదు, రెండు షిఫ్టులూ తనే లాగుతున్నాడు. సెలవడిగితే కంట్రోలరు, గొంతు నొప్పికి సెలవేమిటయ్యా, ఇదేమన్నా కాలు విరగడమా అన్నాడట. ఇదంతా సగం సైగలతో చెప్పి, గొంతులో కొట్టుకుంటే తిమ్మిరెక్కి నొప్పి తెలియకుండా చేసే స్ప్రే ఉంటుందట కదా, ఒకటి ఇమ్మన్నాడు.

ఉంది. పై అరలో చిగుళ్ల మందుల పక్కన ఉంది. ఆవిడ ముక్కాలి పీట ఎక్కి తీసింది. రోజుకి నాలుగుసార్లకి మించి వద్దు, రెండు రోజుల్లో తగ్గకపోతే డాక్టరుకి చూపించుకో, కొట్టుకున్న గంటదాకా వేడివి తాగకు. ఈ మూడు మాటలూ నాలుక చివరిదాకా వచ్చాయి. ఓనరు పేపరు మీంచి కళ్లెత్తి చూస్తున్నాడు. ఆవిడ సీసాని కవర్లో వేసి, కవరు నోరు మడిచి, చేతికిచ్చింది.

మైకాయన ఒక్క క్షణం ఆగాడు. ఏదో అంటుందని అలవాటుగా ఎదురుచూశాడు. ఏమీ అనకపోయేసరికి నవ్వి, రోడ్డు దాటి వెళ్లిపోయాడు. పావుగంట తర్వాత లౌడ్‌స్పీకరులో ఆయన గొంతు నున్నగా, ఏ అడ్డూ లేకుండా వినిపించింది.

"చూశావా, మంచి సరుకు," అన్నాడు ఓనరు.

మంగళవారం షాపు షట్టరు సగం లేస్తుండగానే మైకాయన వచ్చేశాడు. ఇంకో సీసా కావాలట. నిన్న కొన్నది ఒక రోజులో అయిపోవడమేమిటని ఆవిడ మనసులో లెక్క కట్టుకుంటుండగా, ఆయనే చెప్పాడు. మందు పనిచేస్తున్నంతసేపూ స్వర్గంలా ఉంటోందట. అరగంటకి దిగిపోతోందట, మళ్లీ కొట్టుకుంటున్నాడట. పైగా నిన్న టీ తాగుతుంటే వేడి తెలియక అంగిలి కాలి తోలు ఊడిపోయింది, ఇప్పుడు దానికీ కొట్టుకోవాల్సి వస్తోంది. ఇదో గొప్ప తమాషా అన్నట్టు నవ్వాడు. నవ్వుతున్నప్పుడు లోపలి బుగ్గ మీద పంటి గాటు కనబడింది. తిమ్మిర్లో కొరుక్కున్నట్టున్నాడు.

"మరీ అంత కొట్టుకోకన్నయ్యా," అంది ఆవిడ, గొంతు తగ్గించి.

గల్లాపెట్టె దగ్గర్నుంచి ఓనరు దగ్గాడు. నిజం దగ్గు కాదు. వెనక ఎవరో తలనొప్పి మాత్ర అంటూ చెయ్యి చాపారు. ఆవిడ సీసా ఇచ్చి, చాపిన చేతిలో మాత్ర పెట్టింది. మైకాయన వెళ్లిపోయాడు.

సాయంత్రం నాలుగున్నరకి మళ్లీ వచ్చాడు. ఈసారి మాట కూడా సరిగ్గా రాలేదు. వేలితో పై అర చూపించి, "ఇంట్లోకి," అన్నాడు. ఇంట్లోకంట. తాగేవాళ్లు సీసా కొంటూ చుట్టాలొచ్చారని చెప్పినట్టు చెబుతున్నాడని ఆవిడకి అనిపించింది. ఆయన మొహం పాలిపోయి, కళ్ల కింద బూడిద పూసినట్టుంది. ఒళ్లు వెచ్చగా ఉందా అని అడగబోయింది. ఓనరు అప్పటికే సీసా అందుకుని కవర్లో వేసి ఇచ్చేశాడు.

ఆ సాయంత్రం ఆవిడ ఇంటికి వెళ్లి, అన్నం కలిపి, రెండు ముద్దలు తిని కంచం పక్కకి జరిపింది. కూతురు ఏమయిందమ్మా అంటే, ఏమీ లేదు, ఆకలి లేదు అంది. నోరు మూసుకుని ఉండటం ఇంత అలసటగా ఉంటుందని తెలియదు అనుకుంది.

బుధవారం పొద్దున ఎనిమిది నుంచీ ఆవిడ చెవి ఎదుటి లౌడ్‌స్పీకరు మీదే ఉంది. చేతులు వాటి పాటికి అట్టలు కత్తిరిస్తున్నాయి. మొదట మాటలు మెత్తబడ్డాయి. ప్లాట్‌ఫారం అన్నప్పుడు నాలుక అడుగున ఏదో పెట్టుకుని మాట్లాడుతున్నట్టుంది. తర్వాత మాటల మధ్య జాగాలొచ్చాయి. "ప్రయాణికులకు గమనిక" అని ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ మొదలుపెడుతున్నాడు. తొమ్మిదిన్నరకి ఆ ఊపిరి మైకులో వినబడటం మొదలయింది. నాలుగో అంతస్తు ఎక్కి వచ్చి తలుపు కొట్టినవాడి ఊపిరి అది. బస్ స్టేషన్లో వందలమంది ఉన్నారు. వాళ్లకి కావలసింది ప్లాట్‌ఫారం నంబరు. ఆ ఊపిరి ఎవరికీ వినబడలేదు.

ఆవిడ పై అరలోంచి ఒక సీసా దించి, పెట్టె విప్పి, లోపలి కాగితం కౌంటరు మీద పరిచింది. చీమల బారు చివర్లో ఉంది అది. అరుదుగా, ఎక్కువ వాడినప్పుడు. పెదవులు, గోళ్లు బూడిద రంగుకో నీలానికో తిరగడం. ఆయాసం. తలతిప్పు. వెంటనే ఆస్పత్రికి.

"తొమ్మిదవ," అంది లౌడ్‌స్పీకరు. ఆగింది. "తొమ్మిదవ..."

తర్వాత మైకు గుర్రుమంటున్న చప్పుడే.

ఆవిడ షోకేసు తలుపు జరిపి, వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే మిషన్ ఒకటి తీసుకుంది. ఎక్కడికి, కౌంటరు వదిలేసి ఎక్కడికి అని ఓనరు అడుగుతూనే ఉన్నాడు. జవాబు చెప్పడానికి ఆగలేదు. రోడ్డు మధ్యలో ఒక బస్సు ఆవిడ కోసం గట్టిగా బ్రేకు వేసింది. డ్రైవరు ఏదో అన్నాడు.

మైకు గది అద్దాల పెట్టెలాంటిది. ఒక కుర్చీ, ఒక బల్ల, బల్ల మీద మెడ వంచిన మైకు. మైకాయన రెండు మోచేతులూ బల్ల మీద ఆనించి కూర్చున్నాడు. మొహం మీద చెమట. పెదవులు నేరేడు పండు తిన్నవాడి పెదవుల్లా ఉన్నాయి. కంట్రోలరు పక్కన నిలబడి, మంచినీళ్లు తాగు, లేచి చెప్పు, జనం గోల పెడుతున్నారు అంటున్నాడు. ఏమీ లేదు చెల్లెమ్మా, నిద్ర చాల్లేదంతే అని మైకాయన అనబోయాడు. ఆ వాక్యానికే మూడుసార్లు ఊపిరి తీసుకున్నాడు.

ఆవిడ ఆయన చెయ్యి లాగి వేలికి మిషన్ పెట్టింది. గోళ్లు పలక రంగులో ఉన్నాయి. అంకె వెలగడానికి కాస్త టైము పట్టింది. ఎనభై నాలుగు.

"ఈయన్ని ఇప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. మీరు బండి పిలుస్తారా, నేను ఈ మైకులో చెప్పి పిలిపించనా?" అంది కంట్రోలరుతో.

ఆయన బండి పిలిచాడు. బల్ల మీద రెండు సీసాలున్నాయి. ఒకటి ఖాళీ, ఒకటి అడుగంటింది. మూడోదాని కోసం సొరుగు లాగి చూసింది, లేదు. ఇంటి దగ్గర ఉండి ఉంటుంది. ఉన్న రెండూ కొంగులో ముడివేసుకుంది.

ఆస్పత్రిలో అత్యవసర విభాగం డాక్టరు కుర్రవాడు. రాత్రి డ్యూటీ ముగిసి పొద్దుటి డ్యూటీలో కూడా ఉన్నట్టుంది అతని వాలకం. ఆయాసం, చెమటలు, యాభై ఆరేళ్ల వయసు. గుండె అయ్యుండొచ్చన్నాడు. మైకాయన మొహానికి ఆక్సిజన్ పెట్టించి, ఛాతీ మీద వైర్లు అతికించి, కాగితం మీద గీతలు తీయించాడు. గీతలు బాగానే ఉన్నాయి. ఊపిరితిత్తుల్లో ఏమన్నా చేరిందేమో, ఫొటో తీయించమన్నాడు. ఆవిడ తెర పక్కన నిలబడి అంకె వంకే చూస్తోంది. ఆక్సిజన్ బుస్సుమని వస్తూనే ఉంది. అంకె ఎనభై అయిదు దగ్గరే మొరాయించింది.

"డాక్టరు గారూ," అంది.

బంధువులు బయట ఉండాలని నర్సు అంది. బంధువు కాదని, మందుల షాపులో పనిచేస్తానని ఆవిడ చెప్పింది. అయితే బయటే ఉండండి అన్నాడు డాక్టరు, తల తిప్పకుండానే.

ఆవిడ కాళ్లు వెనక్కి ఒక అడుగు వేశాయి కూడా. అడిగింది ఇవ్వు, కవర్లో వెయ్యి, పంపించు. రెండు రోజుల్లో ఎంత బాగా అలవాటయింది. కొంగు ముడి విప్పి, వెళ్లి డాక్టరు చేతి కింద ఉన్న కాగితాల మీదే రెండు సీసాలూ పెట్టింది.

"ఆక్సిజన్ పెట్టినా అంకె కదలట్లేదు. ఈయన మూడు రోజులుగా ఈ తిమ్మిరి మందు అరగంటకోసారి గొంతులో కొట్టుకుంటున్నాడు. మా షాపులో మూడు సీసాలు కొన్నాడు, రెండు ఇవిగో. దీనివల్ల ఇలా అవుతుందని లోపలి కాగితంలో ఉంది. సీసా మీద మందు పేరు ఒక్కసారి చదవండి, తర్వాత నన్ను బయటికి పంపండి."

డాక్టరు విసుగ్గా సీసా తీసుకున్నాడు. చదివాడు. మైకాయన పెదవుల వంక చూశాడు. మళ్లీ చదివాడు. తర్వాత సూది తెప్పించి చేతిలోంచి రక్తం లాగాడు. సూదిలోకి వచ్చింది ఎర్రటి రక్తం కాదు. పాలు కలపని కాఫీ రంగులో ఉంది. కాస్త గాజుగుడ్డ మీద చుక్క వేసి గాలికి పెట్టాడు. గాలి తగిలినా ఎర్రబడలేదు.

అప్పటి నుంచి అందరి నడకలూ మారిపోయాయి. ఒకరు ఫోను దగ్గరికి, ఒకరు మందుల గదికి. ఇంట్లో ఎవరికన్నా పుట్టుకతో వచ్చిన రక్తం జబ్బులున్నాయా అని డాక్టరు మైకాయన చెవి దగ్గర వంగి అడిగాడు. లేవని ఆయన తల ఊపాడు. చిక్కటి నీలం రంగు మందు ఒకటి తెచ్చి నరంలోకి నెమ్మదిగా ఎక్కించారు. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయమ్మా, ఆక్సిజన్ని మోసుకెళ్లే రక్తం మోయలేకుండా అయిపోయింది అన్నాడు డాక్టరు. బస్సులన్నీ ప్లాట్‌ఫారాల మీదే ఉన్నాయి, నడిపేవాళ్లు లేరన్నమాట అనుకుంది ఆవిడ. ఈసారి ఆవిడని ఎవరూ బయట ఉండమనలేదు.

అంకె ఎనభై ఏడు అయింది. చాలాసేపు అక్కడే ఉంది. తొంభై అయింది. గంట తిరిగేసరికి తొంభై అయిదు దాటింది. నేరేడు రంగు పెదవుల్లోంచి మెల్లగా మనిషి రంగు తేలింది. అసలు గొంతులో చీము గడ్డ కట్టబోతోందట, తిమ్మిరి కింద అది తెలియకుండా పెరిగింది, దానికి వేరే మందు రాశారు. రెండు రోజులు మూత్రం ఆకుపచ్చగా వస్తే భయపడకండి, ఆ నీలం మందువల్లే అని నర్సు చెబితే, మైకాయన మాస్కు కింద నవ్వాడు.

మధ్యాహ్నం ఒంటిగంటకి వదిన వచ్చింది. మైకాయన భార్య. బస్సు దిగి పరుగెత్తుకొచ్చిందేమో, ఒక చెప్పు తెగి చేతిలో ఉంది. భర్తని చూసి, నుదురు తాకి, వరండాలోకి వచ్చి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. నువ్వు లేకపోతే ఇవాళ నా పసుపు కుంకుమలు ఏమయ్యేవో అంది. ఆవిడ చేతులని తన మొహానికి ఆనించుకుంది. ఆ చెంపలు తడిగా, వేడిగా ఉన్నాయి.

అప్పుడే ఓనరు కూడా వచ్చాడు. కబురు బస్ స్టేషన్ మీదుగా షాపుకి చేరింది. చేతిలో పళ్ల సంచి ఉంది. మా షాపు మనిషమ్మా, మా దగ్గర తయారైంది, మందుల సంగతి కొట్టిన పిండి అని వదినతో చెప్పాడు. ఈ సంగతి పేపరువాళ్లకి చెప్పాలి అని కూడా అన్నాడు. ఆయన మొహంలో కల్లాకపటం లేదు. నిజంగానే సంతోషంగా ఉన్నాడు.

ఆవిడ ఊరుకుంటే సరిపోయేది. చేతులు ఇంకా వదిన చేతుల్లోనే ఉన్నాయి. పద్దెనిమిదేళ్లలో ఆ షాపుకొచ్చినవాళ్లెవరూ ఆవిడ చేతులు ఇంత ఆదరంగా పట్టుకోలేదు.

"వదినా, ఆ మందు ఇచ్చింది నేనే," అంది.

తెలుసన్నట్టు వదిన తల ఊపింది.

"అది కాదు. ఎంత వాడాలో తెలిసి కూడా చెప్పకుండా ఇచ్చాను. నిన్న ఆయన వాలకం చూసి కూడా ఆపలేదు. చెబితే నా ఉద్యోగానికి ముప్పొస్తుందని భయపడ్డాను. ఒకటి కాదు, రెండు కాదు, మూడు సీసాలు మా షాపులోంచి వెళ్లాయి."

ఓనరు పళ్ల సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. ఇప్పుడెందుకమ్మా అవన్నీ, ప్రాణం దక్కింది కదా అని గొణిగాడు. వదిన చేతులు మెల్లగా సడలాయి. తీసేసుకుంటుందని ఆవిడకి తెలుసు. తీసేసుకుంది. దానికి ఆవిడ సిద్ధంగానే ఉంది. కానీ వదిన మొహంలో కోపం రాలేదు. ఏదో వెతుక్కుంటున్నట్టుంది.

"మూడోది వాడటం వల్లే ఇలా అయిందా?"

మూడోది కనబడలేదని, ఇంట్లో ఉందేమో అని ఆవిడ చెప్పింది.

"ఇంట్లో లేదు," అంది వదిన. మాట నెమ్మదిగా వచ్చింది. "అది నేనే తెమ్మన్నాను. మా మనవరాలికి పళ్లొస్తున్నాయి. నాలుగు రోజులుగా ఒకటే ఏడుపు, అమ్మాయికి నిద్ర లేదు. ఈయన గొంతుకి అంత బాగా పనిచేస్తోంది కదా, చిగుళ్లకి కాస్త రాస్తే పోదా అని... ఇవాళ పొద్దున్నే ఇచ్చి వచ్చాను."

"పాపకి ఎన్నో నెల?"

"ఎనిమిది."

రెండేళ్లలోపు పిల్లలకి అసలు వాడకూడదు. ఆ మాట పెట్టె మీదే ఉంది, కాకపోతే చీమ తల కంటే చిన్న అక్షరాల్లో. ఆవిడ ఆ మాట పైకి అనలేదు. అనవలసిన పని లేకపోయింది. వదిన అప్పటికే ఫోను తీసి నొక్కుతోంది. వేళ్లు తప్పుతున్నాయి. మోగింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ నొక్కింది. ఓనరు సంచి బెంచీ మీద పెట్టాడు. ఒక నారింజ పండు దొర్లి కింద పడింది, ఎవరూ వంగలేదు. మోగుతోంది. అవతల ఎత్తారు.

వదిన ఫోను ఆవిడ చేతిలో పెట్టింది.

మీ నాన్నగారికి బాగానే ఉందని ఆవిడ ముందు చెప్పి, తానెవరో ఒక్క ముక్కలో చెప్పి, పాపకి ఆ మందు రాశావా అని అడిగింది. రాశానండీ, రెండుసార్లు అంది అవతలి గొంతు, సంబరంగా. ఎంత బాగా పనిచేసిందో, నాలుగు రోజుల తర్వాత ఇప్పుడే హాయిగా పడుకుందండీ, కదలకుండా పడుకుంది, ఫోను చప్పుడుకి లేస్తుందేమోనని బయటికొచ్చి మాట్లాడుతున్నాను.

"లేపమ్మా," అంది ఆవిడ.

"ఇప్పుడే పడుకుందండీ, పాపం."

"తెలుసు తల్లీ. అయినా లేపు. వెలుతురు దగ్గరికి ఎత్తుకెళ్లి పెదవులు చూడు, గోళ్లు చూడు. ఏ రంగులో ఉన్నాయో నాకు చెప్పు. ఫోను పెట్టెయ్యకు."

అవతల ఫోను ఎక్కడో పెట్టిన చప్పుడు. అడుగుల చప్పుడు దూరమైంది. ఆ తర్వాత ఏమీ లేదు. ఆవిడ ఫోను చెవికి ఇంకా గట్టిగా నొక్కుకుంది. వరండాలో స్ట్రెచరు ఒకటి గడగడలాడుతూ పోయింది. వదిన ఆవిడ నోటి వంక చూస్తూ, తెగిన చెప్పుని రెండు చేతులతో గుండెకి అదిమిపెట్టుకుంది. ఓనరు కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. పాపా, పాపా అని ఎక్కడో దూరంగా పిలుపు. మళ్లీ పిలుపు.

అప్పుడు ఏడుపు మొదలయింది. మొదట సన్నగా, విసుగ్గా, తర్వాత గొంతంతా తెరిచి.

ఎర్రగానే ఉన్నాయండీ, పెదవులు ఎర్రగానే ఉన్నాయి, గోళ్లు కూడా అని అవతలి అమ్మాయి అరుస్తోంది, ఆ ఏడుపు మీదుగా వినబడాలని. నోరు తడిగుడ్డతో తుడిచెయ్యమని, మళ్లీ రాయవద్దని, అయినా ఆలస్యంగా బయటపడొచ్చు కాబట్టి పాపని ఎత్తుకుని ఈ ఆస్పత్రికే తిన్నగా వచ్చెయ్యమని, పిల్లల డాక్టరుకి చూపిద్దామని, దారిలో పెదవులు చూసుకుంటూ రమ్మని ఆవిడ ఒక్కొక్కటీ విడమర్చి చెప్పింది. చెప్పినవన్నీ తిరిగి ఒప్పజెప్పించుకుంది. ఓనరు దగ్గలేదు. వంగి నారింజ పండు తీసి సంచిలో వేశాడు.

అంతా చెప్పాక కూడా ఆవిడ ఫోను పెట్టెయ్యలేదు. చెవి నుంచి తీసి, స్పీకరు నొక్కి, బెంచీ మీద కూలబడిన వదిన దగ్గరికి వెళ్లి, ఇద్దరి మధ్యా పట్టుకుంది. వదిన ఆవిడ వంక చూడలేదు. కాస్త పక్కకి జరిగి చోటిచ్చింది. ఆ పసిదాని ఏడుపు ఆస్పత్రి వరండా అంతా వినబడుతోంది. దాన్ని ఊరుకోబెట్టమని ఎవరూ అనలేదు.